యెహెజ్కేలు ఇంట్లో కాఫీ

ఆదివారం ఆరాధన అయిపోయి, చర్చి మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుండగా యెహెజ్కేలు జేబులో ఫోను మోగింది. తెర మీద ‘గౌడగారు తోట’ అని ఉంది. ఆ పేరు కనబడి ఏడాదిన్నర పైనే అయింది.

“డ్రైవర్ గారూ, బాగున్నారా? నేను మీ ఊరు వస్తా ఉండాను” అన్నాడు అవతలి నుంచి బసవేగౌడ. ఆయన తల్లిది కోలారు వైపు. అందుకని తెలుగు వచ్చు, కన్నడం యాసలో. “ఈ బుధవారం కాదు, పై బుధవారం. తోటకి మొక్కలు కావాల. మా సాహుకారు నన్నే పోయి చూసి రమ్మన్నాడు. పొద్దున రైలు దిగి నేరుగా మీ ఇంటికే వస్తా. మీ ఇంట్లో కాఫీ తాగిన తర్వాతనే ఏ నర్సరీ అయినా.”

“ఆయ్, తప్పకుండా రండి గౌడగారూ” అన్నాడు యెహెజ్కేలు.

ఫోను జేబులో పెట్టుకున్నాక గానీ తానేం ఒప్పుకున్నాడో తలకెక్కలేదు. ఆ ఇంట్లో ఏనాడూ కాఫీ పెట్టలేదు. తాతల నాటి నుంచీ టీ నీళ్ళే.

యెహెజ్కేలుకి యాభై ఏడేళ్ళు. ఇరవై ఎనిమిదేళ్ళు కడియం నర్సరీల మొక్కలు లారీలో వేసుకుని దేశం నలుమూలలా తిరిగాడు. మొక్కల లోడు ఇటికెల లోడు లాంటిది కాదు. ఎండ తగలకూడదు, గాలి తగలాలి, నీళ్ళు చల్లుతుండాలి, మూడో రోజుకల్లా దింపాలి. అలాంటి లోడుని ఒక్క మొక్క వాడిపోకుండా రాజస్థాను దాకా చేర్చినవాడని అతనికి పేరు. సుగరు కళ్ళలోకి దిగాక, రెండేళ్ళ కిందట స్టీరింగు వదిలేశాడు. ఇప్పుడు అప్పాజీ గారి నర్సరీలో లోడింగు దగ్గర నిలబడి, ఏ మొక్క కింద ఏ మొక్క పైన అని చూస్తుంటాడు. పని కష్టం కాదు. కానీ లారీ బయల్దేరేటప్పుడు క్యాబిన్ వైపు చూడకుండా ఉండటం మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

గౌడగారి సంగతి ఏడేళ్ళ నాటిది. జులై నెల. చిక్కమగళూరు అవతల ఒక కాఫీ తోటలో అతిథుల కోసం కాటేజీలు కట్టి, వాటి చుట్టూ నాటడానికి పూలమొక్కలు తెప్పించారు. యెహెజ్కేలు లోడు దింపిన సాయంత్రమే కొండచరియ విరిగి దారి మూసుకుపోయింది. దానికి తోడు అతనికి జ్వరం పట్టుకుంది. ఆ తోటలో కూలీల హాజరు రాసే రైటరు ఉద్యోగం బసవేగౌడది. ఎవరూ చెప్పకుండానే యెహెజ్కేలుని తన క్వార్టర్సుకి తీసుకుపోయి, ముందు గదిలో మంచం వేశాడు. ఐదు రోజులు.

ఆ ఐదు రోజులూ పూటపూటకీ గౌడ భార్య సరోజమ్మ స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చి ఇచ్చింది. మొదటి రోజు తాగేసి, ఒంట్లో వణుకుతోనే లేచి, గ్లాసు కడగడానికి కుళాయి వైపు నడిచాడు. అది అతనికి అలవాటు. చిన్నప్పుడు మొక్కలు మోసిన ఇళ్ళలో అతనికీ వాళ్ళ నాన్నకీ విడిగా ఒక గ్లాసు గోడ మీద బోర్లించి ఉండేది. తాగి, కడిగి, మళ్ళీ అక్కడే బోర్లించి రావాలి. పేపరు కప్పులు వచ్చాక విడి గ్లాసు అనే మాట ఎవరూ పైకి అనాల్సిన పని లేకుండా పోయింది. సరోజమ్మ ఎదురొచ్చి, అతని చేతిలోంచి గ్లాసు తీసుకుని, కన్నడంలో ఏదో కసిరి, ఇంటి గిన్నెలతో పాటు సింకులో వేసింది. జ్వరంతో ఉన్నవాడివి పడుకో అన్నట్టు చెయ్యి ఊపింది. ఆ సంగతి యెహెజ్కేలు తన భార్య రత్నమాణిక్యానికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ఆ ఇంటి మనిషి తన ఇంటికి వస్తున్నాడు.

“టీ పెడదాం. మన టీ బాగానే ఉంటుందిగా” అంది రత్నమాణిక్యం.

“ఆయన కాఫీ అన్నాడు మాణిక్యం.”

“కాఫీ అని మాటవరసకి అంటారు. వస్తారు సరే, మనింట్లో తాగుతారా అని నేనంటున్నాను.”

“వాళ్ళింట్లో నేను తాగలేదా?”

“మీరు తాగడం వేరు. వాళ్ళు తాగడం వేరు” అంది ఆమె, బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తకుండా.

ఆ మాట యెహెజ్కేలుకి ముల్లులా గుచ్చుకుని అక్కడే ఉండిపోయింది. ఎలాగైనా కాఫీ బాగుండాలి. బాగుంటే తాగుతాడు. తాగకపోతే, కాఫీ బాగోలేదని అనుకోవచ్చా, ఇంకేదన్నానా? ఆ సందేహానికి చోటుండకూడదంటే కాఫీలో వంక ఉండకూడదు. సోమవారం పొద్దున్నే కడియం బజారుకి పోయి, స్టీలు సామాన్ల కొట్లో అన్నిటికన్నా పెద్ద ఫిల్టరు కొన్నాడు. పెద్దదైతే మర్యాదగా ఉంటుందనుకున్నాడు. పక్క కొట్లో కాఫీ పొడి సీసా ఒకటి తీసుకున్నాడు.

ఇంటికొచ్చి, పై గిన్నెలో పొడి వేసి, మరిగే నీళ్ళు పోశాడు. సరోజమ్మ ఇలాగే పోసి, మూత పెట్టి, చాలాసేపు వదిలేసేదని గుర్తు. ఇక్కడ మాత్రం పోసిన నీళ్ళు పోసినట్టే కింది గిన్నెలోకి జారిపోయాయి. పైన చూస్తే పొడి లేదు.

వేమగిరిలో మందుల షాపులో పనిచేసే కూతురు మంజుష డ్యూటీకి వెళ్ళబోతూ వచ్చి సీసా చూసింది. “నాన్నా, ఇది నీళ్ళలో కరిగిపోయే పొడి. దీనికి ఫిల్టరు అక్కర్లేదు. చెంచాతో కలిపేస్తే కాఫీ.”

“మరి కొట్లో ఆయన కాఫీ పొడే అన్నాడే?”

“అదీ కాఫీ పొడే. ఫిల్టరు పొడి వేరు.” తండ్రి మొహం చూసి నవ్వు ఆపుకుంది. “నువ్వేం కంగారు పడకు. ఫోన్లో చూసి నేను తెప్పిస్తాను. ఇప్పుడందరూ ఫ్రెంచ్ ప్రెస్ అని వాడుతున్నారు. తేలిక.”

అది గురువారం వచ్చింది. పొడుగాటి గాజు గ్లాసు, దానికి మూత, మూతలోంచి కిందికి దిగే కడ్డీ, కడ్డీ చివర జల్లెడ. దాంతో పాటే ఫిల్టరు పొడి పొట్లం కూడా తెప్పించింది మంజుష. గ్లాసులో పొడి వేసి, నీళ్ళు పోసి, నాలుగు నిమిషాలాగి, కడ్డీని మెల్లగా కిందికి నొక్కాలి. వీడియోలో ఒకమ్మాయి చూపుడు వేలితో నొక్కి చూపించింది. శుక్రవారం పొద్దున యెహెజ్కేలు అలాగే చేశాడు. ఆ పొడి మరీ మెత్తన. జల్లెడ సగంలో పట్టేసింది. గేరు రాడ్డు మొరాయిస్తే అరచేయి ఆనించి నెట్టడం అతని చేతికి తెలిసిన పని. ఆ చెయ్యి అదే చేసింది.

గ్లాసు అడుగు నుంచి పగిలింది. మరుగుతున్న కాఫీ ఎడమ మణికట్టు మీద చిమ్మింది. రత్నమాణిక్యం పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి, అతని చేతిని కుళాయి కింద పెట్టింది. సుగరున్న ఒళ్ళు. పుండు పడితే మానడానికి ఎన్నాళ్ళవుతుందో. మంజుష మందు రాసి కట్టు కట్టింది. రత్నమాణిక్యం నేల మీద గాజు ముక్కలు ఒక్కొక్కటే ఏరింది. యెహెజ్కేలు అరుగు మీద కూర్చుని, గౌడగారికి ఫోను చేసి, ఆ రోజు ఊళ్ళో ఉండటం లేదని చెబితే ఎలా ఉంటుందా అని ఆలోచించాడు. నంబరు కూడా తీశాడు. తీసి, చూసి, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు.

శనివారం పొద్దున అతని ముందు టీ గ్లాసు పెడుతూ రత్నమాణిక్యమే అంది. “ఇక్కడా అక్కడా కాదండి. రాజమండ్రి వెళ్ళి, తెలిసినవాళ్ళని అడిగి కొనండి. చేతికి తగలకుండా ఉండేది.”

రాజమండ్రిలో గిన్నెల వీధిలో గణేష్‌బాబు కొట్టు అంటే పెళ్ళి సామాన్లకి పేరు. ఆయన చత్వారం కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, కట్టు కట్టిన చేతి వంక చూసి, కూర్చోమని స్టూలు లాగాడు. ఒక్కోటీ తీసి బల్ల మీద పెట్టాడు. ఇత్తడి ఫిల్టరు, స్టీలు ఫిల్టరు, కరెంటుతో నడిచే మెషిను, స్టవ్వు మీద పెడితే ఆవిరితో కాఫీ పైకి ఎగదన్నే కెటిలు.

“ఈ కెటిలు చూడ్డానికి బాగుంటుందండి. కానీ మంట ఎంత పెట్టాలో తెలియకపోతే మాడు వాసనొస్తుంది. మెషినంటారా, మీ కడియం కరెంటు సంగతి నాకన్నా మీకే తెలుసు” అన్నాడు గణేష్‌బాబు.

యెహెజ్కేలు ఇత్తడి ఫిల్టరుని ఎత్తి చూశాడు. బరువుగా, మెరుస్తూ ఉంది. పెద్దమనిషి ముందు పెట్టడానికి అదే బాగుంటుందనిపించింది.

“అది వేడి బాగా నిలుపుతుందండి. కానీ తోమడం తెలియాలి. లోపల పచ్చబడితే ప్రమాదం. మీ ఇంట్లో కాఫీ తాగేవాళ్ళు ఎంతమందండి?”

“ఎవరూ లేరండి.”

గణేష్‌బాబు కళ్ళజోడు దించుకుని చూశాడు. యెహెజ్కేలు సిగ్గుపడుతూనే మొత్తం చెప్పాడు. కాఫీ తోటలోనే బతుకంతా గడిపిన మనిషి అని, బుధవారం వస్తాడని, ఇప్పటికి రెండు సార్లు చెడిందని. సరోజమ్మ సింకులో వేసిన గ్లాసు సంగతి మాత్రం చెప్పలేదు.

“మీరు కడియంలో కొన్న ఫిల్టరు ఎన్ని కప్పులది?”

“పన్నెండండి.”

“పొడి మార్చినా దాంతో ఇబ్బందేనండి. పన్నెండు కప్పుల దాంట్లో ఇద్దరికి సరిపడా పొడి వేస్తే పొర పల్చగా పడుతుంది. నీళ్ళు ఆగవు, సారం దిగదు. పై గిన్నెలో సగం దాకా పొడి ఉండాలి. అంటే మీకు చిన్నది కావాలి.” వెనక అరలోంచి పిడికిలంత స్టీలు ఫిల్టరు తీశాడు. పై గిన్నె ఎత్తి దీపానికి ఎదురుగా పట్టాడు. “చిల్లులు చూడండి. సన్నగా, సమానంగా ఉండాలి. లావుగా ఉంటే కప్పులోకి నలుసులొస్తాయి. కొత్తగా మొదలెట్టేవాళ్ళకి ఇంతకన్నా తేలికైంది లేదండి. పగలదు, పేలదు.”

“మరీ చిన్నదిగా లేదాండి? ఆయన ఏమైనా అనుకుంటారేమో.”

“ఆయన గ్లాసు చూస్తాడండి, ఫిల్టరు చూడడు.”

పొడి దగ్గర ఇంకో చిక్కు. గింజలు అప్పటికప్పుడు ఆడించి ఇచ్చే కొట్టు ఒకటుందని గణేష్‌బాబే దారి చెప్పాడు. అక్కడ కూర్చున్నాయన, చికోరీ వేరు పొడి కలపమంటారా వద్దా అని అడిగాడు. కలిపితే చిక్కగా, నల్లగా దిగుతుంది, కొత్తవాళ్ళకి సులువు. కలపకపోతే అసలు కాఫీ, కానీ పల్చగా ఉంటుంది. కాఫీ తోట మనిషికి కలిపిన పొడి పోస్తే అవమానించినట్టవుతుందా? కలపకుండా పెడితే, చేతకాక నీళ్ళు పోసినట్టవుతుందా? యెహెజ్కేలు వెనకున్నవాళ్ళకి దారిచ్చి, పక్కకి జరిగి చాలాసేపు నిలబడ్డాడు. చివరికి నూటికి ఇరవై పాళ్ళు చికోరీ వేయించి, పొట్లం పట్టుకుని బస్సెక్కాడు. వేమగిరి దాటేదాకా తప్పు చేశానేమో అనుకుంటూనే ఉన్నాడు.

ఆదివారం, సోమవారం పొద్దున్నే సాధన. మొదటిసారి పొడిని గట్టిగా అదిమాడు. గంట గడిచినా చుక్క పడలేదు. రెండోసారి అసలు అదమలేదు, నీళ్ళు గబగబా దిగిపోయాయి. మూడోసారి గరిటె వెనకతో మెల్లగా సర్ది, ముందు కాసిని నీళ్ళు పోసి పొడి తడిసేదాకా ఆగి, తర్వాత మిగతావి పోశాడు. మూత పెట్టాడు. చుక్క తర్వాత చుక్క. ఇరవై నిమిషాలకి కింద నల్లటి డికాషను. గేదె పాలు కాచి కలిపాడు.

“ఎలా ఉంది?” అన్నాడు.

రత్నమాణిక్యం ఒక గుక్క తాగింది. “చేదుగా ఉందండి. కాఫీ అంటే చేదేగా మరి?”

మంజుష బాగుందంది. కానీ మంజుష తండ్రి ఏం చేసినా బాగుందనే అంటుంది. పంచదార సరిపోయిందో లేదో అతని నాలుక చెప్పలేదు. సుగరు వచ్చాక తీపి నోట పెట్టలేదు. సరోజమ్మ కాఫీ ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోయాడు. రాలేదు. జ్వరం నోటికి ఏం రుచి తెలుస్తుంది? వేడి గుర్తుంది. చేతిలో గ్లాసు గుర్తుంది. వాన చప్పుడు గుర్తుంది. దేనితో పోల్చుకుని ఇది సరిగ్గా వచ్చిందనుకోవాలో అతనికి తెలియలేదు.

మంగళవారం లోడింగు దగ్గర అప్పాజీ గారు పిలిచారు.

“ఏం యెహెజ్కేలూ, చిక్కమగళూరు నుంచి గౌడ వస్తున్నాడంటగా. పెద్ద ఆర్డరు. స్టేషనుకి మన కారు పంపిస్తున్నాను. స్నానం, టిఫిను, కాఫీ అన్నీ మన గెస్ట్ హౌసులోనే. వంటమనిషికి చెప్పేశాను. నువ్వు పదింటికల్లా లోడింగు దగ్గరుండు, పూణే లారీ ఉంది.”

ఆయన మా ఇంటికి వస్తానన్నాడండి అనే మాట గొంతు దాకా వచ్చింది. “ఆయ్” అన్నాడు యెహెజ్కేలు.

ఇంటికొచ్చి చెబితే రత్నమాణిక్యం అంది. “ఆయన నాకే ఫోను చేశాడని చెప్పలేకపోయారా?”

“ఏమని చెప్పను? అప్పాజీ గారి గెస్ట్ హౌసు వద్దు, మా ఇంట్లో తాగుతాడని చెప్పనా? రేపు తాగకపోతే?”

ఆమె స్టీలు గ్లాసులు ముందేసుకుని తోమడం మొదలెట్టింది.

బుధవారం ఐదున్నరకే లేచి ముందు గది తుడిచాడు. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి పెట్టాడు. ఆరున్నరకి డికాషను వేశాడు. బెంగుళూరు రైలు ఏడింటికి వచ్చిందని మంజుష ఫోన్లో చూసి చెప్పింది. ఎనిమిదయింది. గెస్ట్ హౌసు కిలోమీటరున్నర దూరం. ఎనిమిదిన్నరకి డికాషను చల్లారిపోయింది. పారబోసి, ఫిల్టరు కడిగి, మళ్ళీ వేశాడు. పొట్లంలో ఇంక ఒక్కసారికే మిగిలింది. ఫోను చేయమంది మంజుష. చెయ్యలేదు. చేస్తే ఆయన ఏదో ఒకటి చెబుతాడు. చెప్పేదాకా ఇంకా వస్తున్నట్టే.

తొమ్మిదిన్నరకి రెండోదీ చల్లారింది. కాకీ చొక్కా తొడుక్కుని, పనికి పోవడానికి సైకిలు తీశాడు.

సందు మొదట్లో అప్పాజీ గారి కారు ఆగి ఉంది. సందులోకి కారు పట్టదు. భుజాన సంచితో, చేతిలో గొడుగుతో ఒక మనిషి కాలవ పక్కగా నడుచుకుంటూ వస్తున్నాడు. గౌడగారే. సగానికి చిక్కిపోయాడు. చొక్కా కాలరు మెడ చుట్టూ వదులుగా ఉంది.

“మీ సాహుకారు వదలలేదు డ్రైవర్ గారూ. టిఫిను తినేదాకా వదలలేదు. కాఫీ మాత్రం వద్దన్నాను” అన్నాడు.

యెహెజ్కేలు సైకిలు గోడకి ఆనించాడు. అది పడిపోయింది. మళ్ళీ ఆనించాడు.

గౌడ కుర్చీలో కూర్చున్నాడు. రత్నమాణిక్యం నీళ్ళిస్తే గటగటా తాగి, గ్లాసు ఆమె చేతికే ఇచ్చాడు. యెహెజ్కేలు వంటింట్లోకి పోయి, పొట్లంలో మిగిలిన పొడంతా ఫిల్టరులో వేశాడు. పొడి సర్దేటప్పుడు ఎక్కువ అదిమానేమో అనిపించింది. నీళ్ళు పోశాడు. మూత పెట్టి, చెవి దగ్గరగా ఆనించి విన్నాడు. ఏం వినబడలేదు. ఇవతలికి వచ్చి కూర్చున్నాడు.

ఇరవై నిమిషాలు ఏదో మాట్లాడాలి.

“అమ్మగారు బాగున్నారాండి?”

గౌడ గొడుగుని రెండు కాళ్ళ మధ్య నిలబెట్టి, దాని పిడి మీద చేతులు పెట్టుకున్నాడు. “సరోజ పోయింది. కిందటేడు. గుండె. తోటలో కోతలు జరుగుతా ఉంటే, పొద్దున పూట.”

రత్నమాణిక్యం తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

“మీకు చెప్పాలనుకున్నా. ఫోన్లో చెప్పేది నాకు చేత కాలేదు. నేరుగా చూసినప్పుడు చెప్తామనుకున్నా” అన్నాడు గౌడ.

అప్పుడు యెహెజ్కేలు ఫోను మోగింది. అప్పాజీ గారు. పది దాటింది, పూణే లారీ నిలబడింది, ఎక్కడున్నావని.

“ఇంట్లో ఉన్నానండి. గౌడగారు మా ఇంట్లో ఉన్నారు. డికాషను దిగుతోందండి. ఇంకో అరగంటలో వస్తాను” అన్నాడు యెహెజ్కేలు. ఇన్నేళ్ళలో యజమానికి అలా చెప్పడం అదే మొదలు. అవతల కొంచెం ఆగి, సరేలే అన్న మాట వినబడింది.

డికాషను దిగింది. తక్కువే, కానీ చిక్కగా. పాలు పొంగనిచ్చి, కలిపి, స్టీలు గ్లాసులో పోసి తెచ్చి ఇచ్చాడు. ఇచ్చాక ఎక్కడ నిలబడాలో తెలియలేదు. గౌడ గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని వాసన చూశాడు. ఒక గుక్క తాగాడు. గోడ మీద క్యాలెండరు వంక చూశాడు. ఇంకో గుక్క. మొహంలో ఏమీ తెలియడం లేదు. చికోరీ పసిగట్టేశాడనుకున్నాడు యెహెజ్కేలు. పంచదార ఎక్కువయిందా? పాలు మాడాయా? గౌడ ఆపకుండా అడుగు దాకా తాగి, గ్లాసు ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఇది ఎవరు పెట్టినారు?”

“నేనేనండి. బాగోలేదా?”

“మీరు పెట్టినారా?” గౌడ అతని కట్టు కట్టిన చేతి వంక చూశాడు. “నాకు రాదు డ్రైవర్ గారూ.”

“ఏంటండి?”

“కాఫీ పెట్టేది. ముప్పై తొమ్మిదేళ్ళు తోటలో ఉండాను. గింజ చూసి ఏ గట్టుదో చెప్తా. కాఫీ మాత్రం ఒక్క రోజు పెట్టలేదు. ఆమె పెట్టేది, నేను తాగేవాడ్ని. ఆమె పోయినాక ఆమె ఫిల్టరు తీసి మూడు సార్లు పెట్టినా. ఒకసారి చుక్క దిగలేదు. ఇంకోసారి ఉత్త నీళ్ళు. మూడోసారి ఏమయిందో మీకు చెప్పను. ఎవర్ని అడిగినా నవ్వుతారు, తోట రైటరుకి కాఫీ రాదా అని. ఇప్పుడు కాంటీన్‌లో తాగుతా. చానా చెడ్డగా ఉంటుంది.”

యెహెజ్కేలు ఎదురుగా నేల మీద కూర్చుండిపోయాడు.

“ఆమెది ఇంత ఘాటు కాదు. ఇది వేరే. బాగుంది” అన్నాడు గౌడ. గ్లాసు కింద పెట్టి, “నాకు చూపిస్తారా?” అన్నాడు.

“పొడి అయిపోయిందండి” అంది రత్నమాణిక్యం తలుపు దగ్గర్నుంచి. ఆ మాటకి ఆమె గొంతులో అంత బాధ ఉంటుందని యెహెజ్కేలు అనుకోలేదు.

గౌడ సంచి విప్పాడు. తోట పొడి పొట్లాలు రెండు, మీ ఇంటికే తెచ్చానంటూ తీశాడు. ముగ్గురూ వంటింట్లోకి పోయారు. ఆ పొడి వేరు. బరకగా ఉంది, చికోరీ లేదు. దీనికి ఎంత అదమాలో యెహెజ్కేలుకీ తెలియదు. “ఇది నాకూ కొత్తేనండి. చెడితే ఏమనుకోకండి” అని, రెండు చెంచాలు ఎక్కువ వేసి, కొంచెం గట్టిగా సర్దాడు. గౌడ చొక్కా జేబులోంచి హాజరు పుస్తకం తీసి, పీట మీద కూర్చుని కన్నడంలో రాసుకున్నాడు. ముందు కాసిని నీళ్ళు. ఆగాలి. ఎంతసేపు? పొడి ఉబ్బేదాకా. తర్వాత మిగతావి. ఆ కాఫీ పల్చగానే వచ్చింది. ఇద్దరూ చెరి సగం తాగారు. రత్నమాణిక్యం కూడా చిన్న గ్లాసులో పోసుకుని, గుమ్మానికి ఆనుకుని తాగింది.

గౌడ ఆ రోజు నాలుగు నర్సరీలు తిరిగి మొక్కలు చూసుకుని సాయంత్రం రైలెక్కాడు.

మూడు వారాల తర్వాత, ఒక పొద్దున ఆరున్నరకి ఫోను వచ్చింది. “నీళ్ళు పోసినా. దిగలేదు” అన్నాడు గౌడ ఏ పలకరింపూ లేకుండా.

“గట్టిగా అదిమారాండి?”

“మీరు చెప్పినట్టే అదిమినా.”

“మూత తియ్యండి. చెంచాతో పైపైన కదపండి. అడుగు తాకకూడదు.”

యెహెజ్కేలు ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. అవతల చెంచా చప్పుడు, దూరంగా ఏదో పిట్ట కూత. ఎంతసేపటికీ మాట లేదు. రత్నమాణిక్యం ఏమయిందని సైగ చేస్తే, ఆగమని చెయ్యి చూపించాడు. ఆ రోజు దిగలేదు. మర్నాడు ఫోను చేసి, ఉత్త నీళ్ళొచ్చాయన్నాడు. మూడో రోజు ఫిల్టరు చిల్లులు పాత పొడితో పూడుకుపోయాయేమో, సూది పెట్టి పొడవమన్నాడు యెహెజ్కేలు.

నాలుగో రోజు ఫోను రాలేదు. ఏడయింది, ఎనిమిదయింది. లోడింగు దగ్గర నిలబడ్డా మనసు ఆగలేదు. ఒక్కడే ఉంటున్న మనిషి. చెయ్యి కాల్చుకున్నాడా? విసుగొచ్చి ఫిల్టరు అవతల పడేశాడా? బరువుకి నలిగిపోయే బంతి మొక్కల ట్రేలు కిందికి పోయి, గులాబీలు పైకెక్కుతుంటే చూస్తూ కూడా ఏమీ అనలేదు. కుర్రాళ్ళే అడిగి సర్దుకున్నారు. మధ్యాహ్నం భోజనానికి ముందు ఉండబట్టలేక తానే చేశాడు.

“ఏమైందండి గౌడగారూ, పొద్దున చెయ్యలేదు?”

“బాగా దిగింది డ్రైవర్ గారూ, అందుకే చెయ్యలేదు” అన్నాడు గౌడ.